జెవ్‌దెత్ వాటా

మార్చి 4, 2024
నెజ్మీ బాబాయి మళ్ళీ నా కంటైనర్ ఇంటి తలుపు కొట్టాడు. మా బిల్డింగ్‌లో మూడో అంతస్తు ఆయనది, నాలుగోది మాది. ఇప్పుడు అంతస్తులేమీ లేవు, అంతాక్యా ఊరి నడిబొడ్డున ఒక ఖాళీ ప్లాట్ ఉంది. మెర్సిన్ నుంచి వచ్చిన బిల్డర్ కొంటానంటున్నాడు. కొంటే మొత్తం కొంటాడట, లేకపోతే లేదట. అందరూ సంతకాలు పెట్టేశారు. మిగిలింది జెవ్‌దెత్ వాటా ఒక్కటే.

ఫ్లాట్ మా ఆయన జెవ్‌దెత్ పేరు మీదే ఉంది. నిరుడు భూకంపం వచ్చినప్పుడు నేను ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను, ఆయన ఇంట్లో ఉన్నాడు. శవం దొరకలేదు. ఆ వాటా నేను అమ్మాలంటే ఆయన చనిపోయాడని కోర్టు చెప్పాలి. కోర్టు చెప్పాలంటే నేను అడగాలి.

బాబాయి మెత్తగానే మాట్లాడాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలమ్మా, ఆ బిల్డర్ అప్పుడే ఇంకో వీధి చూసుకుంటున్నాడు అన్నాడు.

మార్చి 5
నేను అడగను.

మార్చి 19
వాన. కంటైనర్ల మధ్య బురద. బాబాయి భార్య ముజెయ్యెన్ పిన్ని దగ్గు తగ్గడం లేదు. నీళ్ళ క్యూలో ఆవిడ నన్నేమీ అనలేదు. వెనకున్నావిడే నాకు వినబడేలా అంది, ఒకావిడకి మొగుడి మీద ప్రేమ పొంగితే మనమంతా ఈ రేకు డబ్బాల్లో చావాలి కాబోలు అని. ఒళ్ళు మండింది. ఆవిడ చెప్పింది నిజమే.

పోయినవాళ్ళంతా మంచివాళ్ళేనంటారు. జెవ్‌దెత్ ఇంకా వాళ్ళలో చేరలేదు గనక నిక్షేపంగా తిట్టుకుంటున్నాను. గురక. స్టవ్ మీద కాఫీ పెట్టి మరిచిపోవడం. నా తువ్వాలే వాడడం.

ఏప్రిల్ 2
అడిగాను. లాయరమ్మ సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. బయట బాబాయి ఏడ్చేశాడు. మా అందరికీ ఇల్లిచ్చావు తల్లీ అన్నాడు. పిన్ని కారం రొట్టెలు పంపింది. అన్నీ తినేశాను. సిగ్గుగా ఉంది.

మే 11
కోర్టు పేపర్లో ప్రకటన వేసింది. జెవ్‌దెత్ పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు. ఆయన్ని చూసినవాళ్ళు ఆరు నెలల గడువులోగా కబురు చెయ్యాలట. ఎవరూ చెయ్యకపోతే చనిపోయినట్టే లెక్క. అదొక తంతు, ఎవరూ చెయ్యరులెండి అని లాయరమ్మ నాకు ధైర్యం చెప్పింది. ఎవరైనా చేస్తారేమోనని ఎదురుచూస్తున్నానని ఆవిడకేం తెలుసు.

సెప్టెంబర్ 20
పక్క వీధిలో రేటు రెట్టింపయిందట. మా బిల్డర్ కూడా కాస్త పెంచాడు. బాబాయి ఆర్సుజ్‌లో ఇల్లు చూసుకున్నాడు. వంటింటికి తెల్ల టైల్స్ వేయించనా, నీలంవా అని నన్నడిగాడు. నీలం అన్నాను.

ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

నవంబర్ 10
రేపటితో గడువు సరి. పిన్ని సామాను సర్దుతుంటే వెళ్ళి సాయం చేశాను. టీ గ్లాసులు నేనే గుడ్డల్లో చుట్టాను. పిన్ని నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

నవంబర్ 11, మధ్యాహ్నం
కోర్టుకు ఫోన్ చేశాను. జెవ్‌దెత్‌ని ఇస్కెందెరున్ రేవులో చూశానన్నాను. నిన్ననే అన్నాను. వాళ్ళు అడగకపోయినా, బాగా చిక్కిపోయాడని చెప్పాను.