జేబులో పట్టే బైనాక్యులర్

ఒరేయ్ శీనుగా,

తమరి ప్రశాంతతకు భంగం కలిగిస్తున్నందుకు, కోడి గీకినట్టున్న ఈ చేతిరాతకు, ఏడాదిగా ఒక్క ముక్కా రాయనందుకు ఈ దాసుడి సహస్రాపరాధాలనూ మన్నించ ప్రార్థన.

ఈరోజు కోఠిలో చిన్న బైనాక్యులర్ కొన్నాను. మడిస్తే చొక్కా జేబులో పడుతుంది, కొండెక్కేటప్పుడు మెడ లాగదు. షాపాయన పెద్దది చూపించి, "గిది తీస్కో తమ్మీ, మిలిటరీ లెక్కుంటది" అన్నాడు.

"గందుకే వద్దన్నా" అన్నాను.

టేకులపల్లి అడవికి పిట్టలను చూడటానికి మనం పట్టుకెళ్లింది అలాంటిదే. పోలీసులూ అన్నలూ తిరిగే ఆ చోట అంతటిది మెడలో ఉన్నవాడు ఇటువాళ్ల మనిషో అటువాళ్ల మనిషో అవుతాడు కానీ పిట్టల మనిషి కాడు. తుపాకులతో వచ్చినవాళ్లు నిన్నే పట్టుకున్నారు.

"ఎవలి కోసం చూస్తున్నవ్‌రా?"

"వడ్రంగిపిట్ట కోసం అన్నా" అన్నావు.

తుపాకీ మడమతో నోటి మీద కొడితే నీ పళ్లు రాలాయి. తర్వాత కర్రలతో మోకాళ్లు, ఆ తర్వాత తల పగలగొట్టారు. నన్ను చూడమన్నారు. చూశాను, బైనాక్యులర్ అవసరం పడలేదు. దవాఖానాకు చేరకముందే నువ్వు పోయావు.

"గా దుర్భిణి కొనకుంటే బతికేటోడు నా కొడుకు" అంటుంది మీ అమ్మ. కొన్నది నేను. ఆ ఉదయమంతా అది నా మెడలోనే ఉంది. ఎండుటాకుల మీద బూట్ల చప్పుడు ముందు నాకే వినబడింది. "జర పట్టు, లేసు కట్టుకుంటా" అని దాన్ని నీ మెడలో వేశాను. నువ్వు కిందికి చూడలేదు. నా కాళ్లకున్నవి హవాయి చెప్పులు.