ఎరుపు పట్టుకుంటాది

2017 ఆగస్టు 21, సోమవారం

యాసిడ్ బాత్ 19 డిగ్రీలు. బ్రాకెట్లు 480. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.

బెంగుళూరు కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట. మా షెడ్డులో యాసిడ్లో ముంచి రంగు పట్టించే అల్యూమినియం బ్రాకెట్లు వాళ్ళే తీసుకుంటారు. పిల్లల రోబో కిట్లలో పెట్టి స్కూళ్ళకి అమ్ముతారు. ఇక మీదట రంగు పనిలో ఉన్న ప్రతి మనిషికీ కలర్ విజన్ టెస్ట్ అవ్వాలట, డాక్టరు సర్టిఫికెట్ ఫైల్లో ఉండాలట. లేకపోతే ఆ మనిషి రంగు ముట్టుకోకూడదట. ఓనరు నరసింగరావు గారు అందర్నీ పిలిచి చదివారు. సెప్టెంబరు 20న విజయనగరం తీసుకెళ్తారట. ఏటుందయ్యా అందులో, ఐదు నిమిషాల పని అన్నారు. అందరితో పాటు నేనూ తలూపాను.

నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు.

ఈ మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాస్తే ఎలా ఉంటాదో చూద్దామని రాశాను. ఏం లేదు, మామూలుగానే ఉన్నాది.

ఆగస్టు 22

నిన్న మిగిలింది రాస్తన్నాను.

2005లో రైల్వే రాతపరీక్ష పాసయ్యాను. మెడికల్లో ఒక చుక్కల పుస్తకం తెరిచి, ఇందులో నంబరెంత అన్నారు. నాకు చుక్కలే కనబడ్డాయి. వెనక్కి పంపేశారు. ఇంటికొచ్చి ఒక్క మార్కులో పోయింది అని చెప్పాను. నాన్న జూట్ మిల్లులో డ్యూటీ దిగి వచ్చి, ఆ ఒక్క మార్కు గురించి నెల్లాళ్ళు బాధపడ్డాడు. గౌరితో పెళ్ళి కుదిరినప్పుడూ అదే ఒక్క మార్కు.

ఈ షెడ్డులో చేరేనాటికి రెండే రంగులు, వెండి, నలుపు. నాకేం ఇబ్బంది లేదు. రంగు కలిపిన డై టాంకుల దగ్గర ఉమాశంకర్ ఉంటే చూడక్కర్లేదని పేరు కూడా తెచ్చుకున్నాను. 2011లో ఈ కిట్లు వచ్చాయి. ఒకటే బ్రాకెట్టు, సగం ఎరుపు, సగం పచ్చ. ఎడమ చక్రానికి ఎరుపు, కుడి చక్రానికి పచ్చ అని పిల్లల పుస్తకంలో ఉంటాదట. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

అవ్వలేదు. ముంచేటప్పుడు గొడవ లేదు. టాంకుల మీద పేర్లున్నాయి, ఎంతసేపు ఉంచాలో గడియారం చెప్తాది. చిక్కంతా ఆఖర్నే. రెండు రంగులూ ఊడిపోకుండా ఒకే సీలింగ్ టాంకు వేణ్ణీళ్ళలో ఉడికి, ఒకే డ్రయ్యర్లో ఆరి, కలిసిపోయి వస్తాయి. ఒక్కో ముక్కనీ అది వేలాడే వైరు మీంచి తీసి, ఎరుపు ఓ ట్రేలో, పచ్చ ఓ ట్రేలో వెయ్యాలి. మొదటి నెల భయం భయంగా చేశాను. తరవాత చెయ్యి దానంతటదే వెళ్ళడం మొదలెట్టింది. చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, ఐనా తెలిసిపోతాది. ఆరేళ్ళలో ఒక్క తప్పు లేదు. కళ్ళు కూడా పని నేర్చుకుంటాయి కాబోలు.

ఇంకోటి కనిపెట్టాను. ఎరుపు ముక్క వైరుని కొంచెం పట్టుకుంటాది. పచ్చ జారి వచ్చేస్తాది. ఎరుపు డైలో జిగురేదో ఉన్నాది. కొత్తగా చేరినోళ్ళకి ఇది నేను పాఠంలా చెప్తాను. ఎలీసమ్మ పిన్ని ఎదుటి బెంచీ మీద కూచుని, వైర్లు వంచుకుంటా వింటాది.

కాబట్టి టెస్టు పాసవుతానేమో. 2005 కళ్ళు వేరు, ఇప్పటి కళ్ళు వేరు.

ఆగస్టు 29, మంగళవారం

రేపట్నుంచి ఎలీసమ్మ పిన్ని సెలవు. ముక్కల్ని వైర్లకి తగిలించేది ఆవిడే. సన్న అల్యూమినియం వైరు కోసి, పటకారుతో వంచి, ముక్క కంతలోంచి దూర్చి, రాక్‌కి వేలాడదియ్యాలి. రోజుకి ఐదొందల ముక్కలు. కూతురు గ్లోరీకి రెండో కానుపట, పాతపట్నం వెళ్తన్నాది. ఆవిడ బదులు ప్యాకింగ్‌లో ఉన్న అనితని కూచోబెట్టారు.

వెళ్ళేముందు పిన్ని అనితకి వైరు చూపిస్తా ఏదో చెప్పబోయి, నా వైపు చూసి ఊరుకుంది. నాతో మాత్రం జాగర్త బాబూ అంది. దేనికి జాగర్తో చెప్పలేదు.

సెప్టెంబరు 1

ఎరుపు పట్టుకోవడం లేదు.

సెప్టెంబరు 4, సోమవారం

పరువు పోయింది. శుక్రవారం, శనివారం నేను వేరు చేసిన ట్రేలు ప్యాకింగ్‌లో తెరిస్తే రెండింట్లోనూ రెండు రంగులూ ఉన్నాయట. నరసింగరావు గారు అరవలేదు. జ్వరమొచ్చిందేటయ్యా అని అడిగారు. అరిస్తే బాగుండేది. అవునండి, ఒళ్ళు బాలేదన్నాను.

అనిత వచ్చి ట్రేలు నేలమీద కుమ్మరించి కూచుంది. ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడతానే అన్నీ వేరు చేసేసింది. ముక్కల వైపు సరిగ్గా చూడనైనా చూడలేదు. నేను పక్కనే నిలబడ్డాను. చూడ్డం అంటే అదన్నమాట. నాది చూడ్డం కాదు.

సెప్టెంబరు 5

డై అమ్మేవాడికి ఫోన్ చేశాను. ఈసారి ఎరుపు డైలో జిగురెందుకు తగ్గించారని అడిగాను. అతను రెండుసార్లు అడిగించుకుని, డైలో జిగురుండదండి, ఎప్పుడూ లేదండి అన్నాడు. తెలివితక్కువ మనిషి అనుకుని పెట్టేశాను.

ఇవాళ్టి నుంచి ఒక రోజు ఎరుపే, ఒక రోజు పచ్చే. కలవకుండా ఉంటాయి. రోజుకో టాంకు ఖాళీగా ఉంటన్నాదని నరసింగరావు గారు అప్పుడే సణుగుతన్నారు. ఎన్నాళ్ళు సాగుతాది.

సెప్టెంబరు 7, ఉదయం 7.15

ఎవరూ రాకముందే వచ్చాను. స్క్రాప్ డ్రమ్ములో పాత వైర్లున్నాయి, పిన్ని వంచినవి. దోసెడు తీసి బల్ల మీద పరిచాను.

రెండు రకాలు. కొన్నింటి కొస తిన్నగా ఉన్నాది. కొన్నింటి కొస చిన్న రింగులా, మెంతిగింజంత, మెలితిప్పి ఉన్నాది. రింగున్న వైరు కంతలోంచి వచ్చేటప్పుడు కొంచెం పట్టుకుంటాది.

రంగు వెయ్యని తెల్ల ముక్కలు ఇరవై తీసుకున్నాను. పదింటికి ఈ వైరు, పదింటికి ఆ వైరు. కలిపేశాను. కళ్ళు మూసుకుని తీసి రెండు గుట్టలు పెట్టాను. తెరిచి వైర్లు చూశాను. ఒక్క తప్పు లేదు. అసలు రంగే లేని ముక్కల్ని ఎరుపనీ పచ్చనీ వేరు చేసేశాను.

అంటే నా కళ్ళు ఏటీ నేర్చుకోలేదు.

సెప్టెంబరు 10, ఆదివారం

పాతపట్నం వెళ్ళాను. శ్రీకాకుళంలో బస్సు మారేసరికి పదకొండయింది. పిన్ని అప్పుడే చర్చి నుంచి వచ్చింది. మనవడు, వారం పిల్లాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూచో బాబూ, బోయినం సేసి ఎల్దువు గాని అంది.

నేను జేబులోంచి వైరు తీసి చేతిలో పెట్టాను. దాన్ని తిప్పి చూసి, ఇదేటి, ఇప్పుడు తెచ్చావేటి అంది.

ఎరుపు, పచ్చ మొదలైన నెలలోనే తెలిసిపోయిందట. మధ్యాహ్నం బోయినాల దగ్గర పచ్చి మిరపకాయలు నాలుగు ఏరి ఇమ్మంటే, నేను పండు మిరపకాయలు రెండు కలిపి ఇచ్చానట. పిన్ని తమ్ముడూ ఇంతేనట, చిన్నప్పుడు తోటలో వాడికి ఏది పండో ఏది కాయో ఆవిడే చెప్పేదట. ఆ రోజు నుంచి, ఏ లాటుకి ఏ రంగో రాసే జాబ్ కార్డు మీద ఎరుపని ఉంటే రింగు తిప్పింది. లేకపోతే నువ్వు మూణ్ణెల్లు ఉందువా ఆ టాంకు దగ్గర అంది.

నాకు తెలీదు పిన్నీ అన్నాను.

అప్పుడు ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళూ నాకు తెలుసనుకుందట. కొత్తోళ్ళకి జిగురనీ అదనీ చెప్తంటే, కప్పిపుచ్చుకోడానికి చెప్తన్నాననుకుందట. తెలిసీ ఒక్క మాటనడు, సూసినా సూడనట్టే పోతాడు, అదో రకం మనిషిలే అనుకున్నాను అంది. కోపంగా కాదు. పిల్లాణ్ణి భుజం మార్చుకుంటా చెప్పింది.

ఆరేళ్ళు నన్ను విశ్వాసం లేని మనిషనుకుంది. అనుకుంటానే రోజుకి రెండొందల యాభై రింగులు తిప్పింది.

పిల్లాడి వీపు మీద ఆవిడ కుడిచెయ్యి ఉన్నాది. బొటనవేలు గోరు సగం లేదు, పక్కన కాయకాసి గట్టిపడిపోయింది. ఎదురుగా కూచుని ఆరేళ్ళు చేశాను, ఆ వేలు ఇవాళే చూశాను. నాకు చాలా సిగ్గేసింది. థాంక్స్ చెప్పడం కూడా చేతకాలేదు. చేపల పులుసు బాగుందన్నాను.

ఇంక షెడ్డుకి రాదట. గ్లోరీ ఇక్కడే ఉండిపొమ్మంటన్నాదట.

సెప్టెంబరు 12

ఫోన్లో చుక్కల పుస్తకం దొరికింది. మొత్తం 38 బొమ్మలు. కింద జవాబులున్నాయి. మొదటిది 12, అది నాక్కూడా కనబడతాది. రెండోది 8. మూడోది 6. నాలుగోది 29. ఎక్కాల్లా బట్టీపడితే సరి.

సెప్టెంబరు 14, గురువారం

గౌరి పట్టేసింది. వంటింట్లో నిలబడి నంబర్లు గొణుక్కుంటంటే, లాటరీయా అని ఫోన్ లాక్కుంది. మొత్తం చెప్పేశాను. ఒక్క మార్కు సంగతి కూడా.

కళ్ళ గురించి ఏమీ అనలేదు. నీ ఎర్ర చొక్కా, పచ్చ లుంగీ చూసి ఎప్పుడో అనుకున్నాను అంది. ఒక్క మార్కు గురించే మండిపడింది. పెళ్ళయిన ఏడాదే పైడితల్లమ్మకి మొక్కుకుందట. మళ్ళీ నోటిఫికేషన్ పడి నాకు ఉద్యోగమొస్తే ఘటం ఎత్తుతానని. నాకు రైల్వే వయసు దాటిపోయేదాకా మంగళవారం మంగళవారం ఒంటిపూట తిన్నాది. నేను ఎందుకని అడగలేదు. నా కంచం నేను తినేసి లేచిపోయేవాణ్ణి.

అమ్మోరి దగ్గర నన్ను ఎర్రిదాన్ని సేసీసినావు అంది. రెండు రోజులు మాట్లాడనంది. గంటకే వచ్చి, ఇరవై రెండోది సెప్పు అంది. 26 అన్నాను. ఇరవై మూడు? 42. పోనీ ఇదైనా పాసవు అంది.

సెప్టెంబరు 19

అన్నీ వచ్చేశాయి. వెనకనుంచి ముందుకి కూడా.

కాని పాసయితే ఏటవుతాది. ఎల్లుండి మళ్ళీ టాంకు దగ్గరే. అనితని రింగులు తిప్పమనాలి. ఎందుకంటే ఏదో అబద్ధం చెప్పాలి. అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. ఆ పిల్ల వేలు కూడా పిన్ని వేలులాగే అవ్వాలి, నా సర్టిఫికెట్ ఫైల్లో ఉండాలి.

సెప్టెంబరు 20, బుధవారం, మధ్యాహ్నం 1.10

అనిత టెస్టు ముందయిపోయింది. డాక్టరు పుస్తకం అదే పుస్తకం, అదే వరస.

మొదటి బొమ్మ, 12 అన్నాను. రెండోది తిప్పాడు. 8 అని నోటిదాకా వచ్చింది. పెదాలు కదిలాయి కూడా.

ఏమీ కనబడట్లేదండి అన్నాను. మూడోదీ, నాలుగోదీ అంతే. ఆయన ఇంకో పది తిప్పి రాసేశాడు. పన్నెండేళ్ళ కిందటి అదే మాట రాశాడు. ఈసారి కాగితం మడిచి దాచకుండా చేత్తో పట్టుకునే బయటికొచ్చాను.

సెప్టెంబరు 22

నరసింగరావు గారు సర్టిఫికెట్ రెండుసార్లు చదివారు. ఇన్నేళ్ళు మరెలా చేశావయ్యా అన్నారు. ఎలీసమ్మ పిన్ని చేసింది, నేను కాదు అని మొత్తం చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలారు. నాకు చెప్తే పోయేది కదా అన్నారు. ఏం పోయేదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

సోమవారం నుంచి టాంకుల దగ్గర అనిత. నేను ఎలీసమ్మ పిన్ని బెంచీ మీద, వైర్లు. ఆ పని తెల్ల ముక్కలతోనే కాబట్టి కంపెనీవాళ్ళు ఏమీ అనరట. ఉంటావా, మానేస్తావా, నీ ఇష్టం అన్నారు. ఉంటానన్నాను.

గౌరికి చెప్పాను. సర్లే అంది. మంగళవారం కాకపోయినా ఇవాళ ఒంటిపూట నువ్వుండు అంది. ఉన్నాను.

సెప్టెంబరు 25

480 అనుకున్నాను, 190 అయ్యాయి. వేళ్ళు బొబ్బలెక్కాయి. పిన్ని ఐదొందలు ఎలా చేసిందో.

సెప్టెంబరు 28

310. బాత్ ఎన్ని డిగ్రీలో అనితని అడగబోయి మానేశాను.

అక్టోబరు 5, గురువారం

480. ఎరుపు 240, పచ్చ 240. ఎరుపు వాటికి రింగు తిప్పాను. అనితకి అక్కర్లేదు. ఐనా తిప్పాను.

సాయంత్రం అనిత వచ్చి, శంకరన్నా, ఈ లాటులో ఎరుపు కొంచెం పట్టుకుంటన్నాదేటి అని అడిగింది.

ఎరుపంతే, పట్టుకుంటాది అన్నాను.