పొక్లెయిన్ ముందు ముగ్గు

కాట్రేనికోన

అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఫోను నీళ్ళల్లో పడింది, అందుకే కార్డు. సముద్రం ఏటా ముందుకొచ్చి ఇక్కడి నూతులన్నీ ఉప్పెక్కేయి. తియ్యగా మిగిలిన ఒక్క నూతి పక్కనే రొయ్యల వ్యాపారులు ఉప్పునీళ్ళ చెరువు తవ్వుతామన్నారు. ఊరి మీటింగులో ఆడవాళ్ళని నోరెత్తనివ్వలేదు. నేను గోడమీద బొమ్మ వేస్తే సున్నం కొట్టించేసేరు. అందుకని ఇవాళ పొద్దున్నే ఆడవాళ్ళందరం కలిసి దారికడ్డంగా పెద్ద ముగ్గేసేం. పొక్లెయిన్ డ్రైవరు దిగి చూసి, "ముగ్గు మీంచి తొక్కించలేనండీ" అని బండి వెనక్కి తిప్పేసేడు. వచ్చే వారం ఇంకొకర్ని తెస్తారట. పెళ్ళిళ్ళకి నువ్వేసే మెలికల ముగ్గుకి చుక్కలెన్నో వెంటనే రాయి, ఈసారి రోడ్డంతా పట్టాలి. కొబ్బరి దింపు అయిందా? బొమ్మలేసి ఎవరిని ఆపుతావన్న బాబాయిగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ యామిని