రొయ్యల కాటాలో తేలిపోయిన బ్యాటరీలు

ఎల్మెర్,

జీప్నీ బండివాడు హారన్ కొడుతున్నాడు, రేవుకి పోతున్నా. నువ్వు చెక్కతో చేస్తున్న ఆ ఈ-సిగరెట్టు కోసం మొన్న కొన్నావే రెండు బ్యాటరీలు, వాటిని నా రొయ్యల కాటాలో తూచాను. నీ పాతవాటిలో సగం కూడా తూగలేదు. తొడుగు మీద కెపాసిటీ అంకె పెద్దగా ఉందని మురిసిపోయావు, ఆ బ్యాటరీల కొట్టు రమిల్ గాడు డొల్లవి అంటగట్టాడు. వాటిని ఛార్జింగ్ పెట్టకు, వాడి మొహాన కొట్టిరా.

పాత జతనే పెట్టుకో. పరుపు మీద కాదు, గచ్చు మీద పెట్టి, నిండేదాకా పక్కనే కూర్చో. తాళంచెవులున్న జేబులో మాత్రం మళ్ళీ వేసుకోకు. పోయిన ఆదివారం చర్చిలో తొడ కాలి నువ్వు గంతులేస్తే, అల్లుడి మీద పరిశుద్ధాత్మ దిగిందని మా అమ్మ ఇప్పటికీ వీధంతా చెప్పుకుంటోంది.

ఎండుచేపలు వేయించి మూతపెట్టాను. నాతో మాట్లాడకపోయినా అన్నం మానకు.

రోవెనా

ఇంకోటి. జతగా కొన్న బ్యాటరీలని ఎప్పుడూ కలిపే ఉంచాలి, విడదీస్తే రెండూ పాడైపోతాయని నాకు పాఠం చెప్పింది నువ్వే కదా. మరి నాలుగు రోజుల నుంచి చాప తీసుకెళ్ళి ఆ ఛార్జర్ పక్కన ఎందుకు పడుకుంటున్నావు?