చీకట్లో లెక్కపెట్టిన పలక

1 అక్టోబర్, బుధవారం

ఆయుధపూజ. రావిర్యాల షెడ్డులో లేత్ నుంచి స్క్రూడ్రైవర్ దాకా అన్నింటికీ బొట్లు. పెట్టుకోనీ. కానీ మేనేజర్ దివాకర్ నా టేబుల్ దగ్గరికొచ్చి నేను టెస్ట్ చేసే సిలికాన్ పలకకు కూడా పెట్టాడు. గ్లౌజ్ లేని వేలితో! వద్దు సార్ అని అరిచాను. దేవునికి అడ్డమొస్తవా, ఇంటర్ ఫెయిలైన దానివి, గమ్మునుండు అన్నాడు. అందరూ నవ్వారు. దిష్టి తీసే గుమ్మడికాయ వాడి నెత్తినే కొట్టాలనిపించింది.

3 అక్టోబర్, శుక్రవారం

ఈ పలక ప్రోటాన్లు ఢీకొనే విదేశీ మెషిన్‌లోకి పోవాలి. దాని పని ఒక్కటే. దూసుకొచ్చే కణాల్ని లెక్కపెట్టడం. దాన్నిబట్టే మొత్తం ఎన్ని ఢీలు జరిగాయో, ఎంత డేటా దొరికిందో తేలుస్తారు. ల్యూమినాసిటీ అంటారు. యూట్యూబ్‌లో చూసి, అర్థంకాక ఏడ్చి, మళ్లీ చూసి నేర్చుకున్నాను. ఈ లెక్క తప్పితే దీని మీద కట్టినవన్నీ తప్పే.

పొద్దున డార్క్ బాక్స్‌లో పెట్టి వోల్టేజ్ ఇచ్చాను. లోపల వెలుగు లేదు, దూసుకొచ్చే కణాలూ లేవు. దాదాపు సున్నా చూపాలి. పలక ఆగకుండా లెక్కపెడుతూనే ఉంది! బొట్టు పెట్టిన చోట కరెంట్ లీకవుతోంది, దాన్నే కణాలనుకుంటోంది.

అదే రోజు, సాయంత్రం

దివాకర్ స్పిరిట్‌తో తుడిచాడు. ఎరుపు ఇంకా పాకింది. టెస్ట్ పాసైందని ఓకే స్టిక్కర్ వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను. చలికాలం ఆడ మెషిన్ బంద్ జేసినప్పుడే బిగిస్తరు, ఇప్పుడు పోకుంటే ఆర్డర్ పోతది, నీ అయ్య తెస్తడా అన్నాడు. మా బాపును మధ్యలోకి లాగొద్దన్నాను. సోమవారం నా పక్క టేబుల్ సుశాంత్‌తో స్టిక్కర్ వేయిస్తాడట. అడ్డమొస్తే నన్ను పనిలోంచి తీసేసి గేటు బయట నిలబెడతాడట.

4 అక్టోబర్, శనివారం

బొంగులూరు ఆటోలో సుశాంత్ నా పక్కనే కూర్చున్నాడు. ఆ స్టిక్కర్ వెయ్యకురా అన్నాను. నాకెందుకక్కా లొల్లి, ఆడ ఇంకా మస్తు పలకలు ఉంటయ్ గద, ఒక్కటి పాడైతే ఏమైతది అన్నాడు. పాడైన పలక నోరు మూసుకుంటే ఫికర్ లేదు, ఇది లేని కణాల్ని లెక్కపెట్టి అబద్ధం చెప్తది అన్నాను. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, పిరికి సన్నాసి.

5 అక్టోబర్, ఆదివారం

కోపం దిగలేదు.

6 అక్టోబర్, సోమవారం

సుశాంత్ స్టిక్కర్ వెయ్యకముందే పలక పగిలింది. చెయ్యి జారిందని చెప్పు బిడ్డా, నౌకరన్న మిగుల్తది అని ఊడ్చే యశోదమ్మ ముక్కలు ఎత్తుతూ చెవిలో అంది.

జారలేదు, నేనే పడేశాను అని దివాకర్‌కు చెప్పాను.