ముందు తలుపు పక్క సీటు మీది బోర్డు గురించి

డిపో మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

ముందుగా క్షమాపణలు. తమ అమూల్యమైన కాలాన్ని, ఈ తెల్లకాగితాన్ని, నా డిగ్రీని ఒకే దెబ్బకు వృథా చేస్తున్నందుకు సాష్టాంగపడి మన్నింపు కోరుదామనుకున్నాను. తమ వరండాలో మిగతా అర్జీదారులు అంత చోటు మిగల్చనందున నిలబడే కోరుతున్నాను.

విషయం: సదరు సీటుపై గల "వృద్ధులకు" అను బోర్డు తొలగించుట, మరియు తమ కండక్టరు గారిపై ఇచ్చిన మెమో రద్దు చేయుట గురించి.

1. అర్జీదారుడు పట్టభద్రుడు. మొన్నటివరకు ఉద్యోగం, అమ్మమ్మ వెంట క్యారేజీ మోయుట. సదరు అమ్మమ్మ టైలరు షాపులో చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు వేసేది. మోకాళ్లు రెండూ ఎప్పుడో రాజీనామా ఇచ్చినా ఆవిడ ఆమోదించలేదు. రోజూ తమ బస్సులోనే, నిలబడే ప్రయాణం. ఎవరైనా మర్యాదకు లేచి "కూర్చోండి మామ్మగారూ" అంటే చుట్టూ చూసి, "ఎవరు నాయనా ఆ మామ్మగారు? పాపం, పిలువు, కూర్చోబెడదాం" అనేది. లేచినవాడు మళ్లీ కూర్చోలేక, నిలబడలేక, తన స్టాపు రాకుండానే దిగిపోయేవాడు.

2. ఈ జబ్బుకు మందు కనిపెట్టింది తమ కండక్టరు గారొక్కరే. ఆ సీటులో ఉన్నవాణ్ని కంటిచూపుతో లేపి, తన తోలుసంచీ తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టేవారు.

"అత్తా, డిపో సంచీ. ఈ జనంలో ఎవడు కొట్టేస్తాడో ఏమో. టికెట్లు కొట్టి వస్తా, కాస్త కాపలా ఉండు."

"నిలబడి కాయలేనా ఏం?"

"బ్రేకేస్తే జారిపోతుంది. ఒళ్లో పెట్టుకో."

"నీకోసం కూర్చుంటున్నా. గుర్తుంచుకో."

"చచ్చినా మర్చిపోను."

చిల్లరంతా ఆయన జేబులోనే ఉండేది. సంచీలో ఉన్నవి చిరిగిన టికెట్టు ముక్కలు, ఒక ఖాళీ మంచినీళ్ల సీసా. బస్సులో అందరికీ తెలుసు. అమ్మమ్మకూ తెలుసనే అనుకుంటాను. ఏనాడూ తెరిచి చూడలేదు.

3. ఒకరోజు చెకింగు అధికారి ఎక్కి, డిపో సంచీ ప్రయాణికురాలి ఒళ్లో ఉండటం పట్టుకున్నారు. "పెద్దావిడ సార్, ఇలా అయితేనే కూర్చుంటుంది" అని ఒక్క ముక్క చెబితే కండక్టరు గారికి మెమో తప్పేది. ఆవిడ వింటుండగా ఆ ముక్క ఆయన నోట రాలేదు. "తప్పయింది సార్" అన్నారు. అమ్మమ్మ మాత్రం ఊరుకోలేదు: "ఆయన తప్పేంటి? డ్యూటీలో ఉన్నది నేను!" మెమో ఆగలేదు. ఆయన్ను వేరే రూటుకు వేశారు.

4. కొత్త కండక్టరు గారు మంచివారే. రూలు ఎంతవరకు ఉంటే అంతవరకు మంచివారు. అమ్మమ్మ మళ్లీ కడ్డీ పట్టుకుంది. ఆ సీటులో ఎవరైనా కునుకు తీస్తుంటే, "వీడా కాపలా కాసేది!" అని నా చెవిలో విసుక్కునేది.

5. సదరు బోర్డు వల్ల మా అమ్మమ్మ వృద్ధురాలైనది. ఒక మంగళవారం ఆ సీటులో, ఒళ్లో ఏ సంచీ లేకుండా కూర్చుంది. మర్నాడు నేను క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "ముసల్దాన్ని కదరా, ఇంట్లో పడుంటాలే" అంది. కళ్లజోడు తీసి సూదుల డబ్బాలో పెట్టేసింది. ఆ వానాకాలం దాటలేదు. డాక్టరు గారు కారణం ఏదో రాశారు. నా వాదన మాత్రం బోర్డే.

కావున తమరు దయతలచి మెమో రద్దుచేసి, కండక్టరు గారిని పాత రూటుకు పంపి, ఆ బోర్డు పీకించి, దాని స్థానంలో "ఈ సీటుకు కాపలా కావలెను" అని రాయించవలసిందిగా ప్రార్థన.

కుర్చీలో కూర్చుని వీలుకాకపోతే, ఒకసారి మా బస్సులో నిలబడి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
క్యారేజీ మనవడు

తా.క. అయ్యా, నేరం బోర్డు మీద మోపాను గానీ, అది ఇన్నేళ్లూ అక్కడే ఉంది. ఏనాడూ నోరెత్తలేదు. ఆ మంగళవారం బస్సు మలుపు తిరిగినప్పుడు అమ్మమ్మ చేయి కడ్డీ మీంచి జారింది. పడలేదు, పడబోయింది. సీటులో నా వయసువాడే ఒకడు, చెవుల్లో వైర్లు పెట్టుకుని. నాకు ఒళ్లు మండి బస్సంతా వినపడేలా అరిచాను: "బోర్డు కనపడట్లేదా? ముసల్ది పడి చచ్చేలా ఉంది, లేవరా!"

నాలుగు సీట్లు ఒక్కసారే ఖాళీ అయ్యాయి. అమ్మమ్మ చుట్టూ చూడలేదు. ఎవరు నాయనా ఆ ముసల్ది అని అడగలేదు. వెళ్లి కూర్చుంది, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని.

నా చేతిలో క్యారేజీ ఉంది అయ్యా. "కాస్త పట్టుకోవే" అని ఆ ఒళ్లో పెట్టొచ్చని నాకు తోచలేదు.