గొడుగు గుర్తు మేస్త్రి ఆఖరి పంపకాలు

వయసు డెబ్బై ఒకటి, వృత్తి నీళ్ల పైపుల పని, ఊళ్లో అందరూ పానా మేస్త్రి అని పిలిచే నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇంటి ముందుగదిలో కూర్చుని, నా సొంత చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. డాక్టరుగారు పరీక్షించి ఇచ్చిన చీటీ జతపరిచాను. పట్టణ సంఘం సమావేశాల్లో నా మతి గురించి నలుగురు కౌన్సిలర్లు అనుమానం వెలిబుచ్చారు కాబట్టి ఈ జాగ్రత్త. ఆ నలుగురిలో ఒక్కరి దగ్గరా ఇలాంటి చీటీ లేదు.

దీనిని అమలుపరిచే బాధ్యత మా పార్టీ కార్యదర్శి, రిటైరైన టైపిస్టు అక్కయ్యగారిది. ఆవిడ ముప్పై ఏళ్లు ఆ సంఘం ఆఫీసులోనే పనిచేసి, పైవాళ్ల తప్పుల్ని ఒక్క అక్షరం తప్పు లేకుండా టైపు చేశారు. సాక్షులిద్దరూ నాకు ఎన్నడూ ఓటు వెయ్యలేదని నా మొహం మీదే ఒప్పుకున్నారు. నిజం చెప్పే మనుషులని అందుకే వాళ్లను ఎంచుకున్నాను.

1. నా ఇంట్లో ముందుగది మినహా మిగతా భాగమంతా, నా పనిముట్లతో సహా, నా ఏకైక కూతురికి సర్వహక్కులతో చెందవలెను. పెద్ద పానా పిడి వదులైంది. ఎడమచేత్తో పట్టుకుంటే జారదు. "ఆడపిల్ల పైపులు బిగించడమేంటి మేస్త్రీ" అని నవ్విన ఇళ్లవాళ్లే పదేళ్లుగా "మీరొద్దు, అమ్మాయిని పంపండి" అంటున్నారు. నా జీవితంలో ఈ ఒక్క ఓటమికే సంతోషించాను.

2. ముందుగది మా పార్టీకి. మా పార్టీలో సభ్యులు తొమ్మిది మంది. రెండు బల్లలు వేస్తే అందరూ సరిపోతారని మమ్మల్ని రెండు బల్లల పార్టీ అంటారు. మేము ఊరిని అడిగినవి మూడే. సంఘం సమావేశాలు తలుపులు తీసి జరపాలి. ఏ విషయాలు చర్చిస్తారో మూడు రోజుల ముందు గోడకు అంటించాలి. మంచినీళ్ల పైపులు, మురుగు పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో చూపించే పటం ఒకటి అందరికీ కనబడేలా తగిలించాలి. ఈ మాటలు చెప్పుకుంటూ గడపగడపకూ తిరిగితే, "ఇంతేనా, ఇంకేమీ ఇవ్వరా?" అని అడిగారు. పెద్ద పార్టీ గోడగడియారాలు పంచింది. అవి ఆగిపోయాక కూడా జనం వాళ్లకే ఓటేశారు.

షరతు: మా పార్టీ ఎప్పుడైనా "అభివృద్ధి కోసం" అంటూ పెద్ద పార్టీలో కలిసిపోతే, ఆ గది అదే రోజు నా కూతురి సొంతం. బల్లలు వీధిలో పెట్టించవలెను.

3. ఇక నా తమ్ముడు. వాడు పంతులుగా పనిచేశాడు, బాగా మాట్లాడతాడు. నేను మాట్లాడితే జనం మా కుళాయి ఎప్పుడు బాగుచేస్తావని అడుగుతారు. అందుకని నేను రెండుసార్లు ఓడిపోయాక, మూడో ఎన్నికలో మా గొడుగు గుర్తు మీద వాడిని నిలబెట్టాం. నేనూ, అమ్మాయీ, అక్కయ్యగారూ చెప్పులరిగేలా తిరిగాం. పదిహేడు ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. మా పార్టీ గెలిచిన సీటు అదొక్కటే. ముప్పై మూడో రోజున వాడు పెద్ద పార్టీలో చేరి, వాళ్ల చైర్మన్ గారి పక్కన దండ వేసుకుని నిలబడ్డాడు. ఇదేమిట్రా అంటే, "బయట నిలబడి అరిచేకంటే లోపల కూర్చుని పని చేయించుకోవడం నయం కదా అన్నయ్యా" అన్నాడు. వాల్వుకూ కుళాయికీ తేడా తెలియనివాణ్ణి నీళ్ల కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. తర్వాతి ఎన్నికలో వాడి మీద నేనే నిలబడి మూడోసారి ఓడిపోయాను.

పటం తగిలించమని నేను ఇచ్చుకున్న అర్జీలు ఎనిమిది. ఎనిమిదోదాని మీద "పరిశీలిస్తాం" అని రాసి సంతకం పెట్టింది వాడే. ఆ కాగితానికి అద్దం కట్టించాను. అది తమ్ముడికి చెందవలెను. ఇప్పుడు తీరిగ్గా పరిశీలించుకోవచ్చు.

4. ఊరి పైపులన్నీ చూపిస్తూ నేను చేత్తో గీసిన పటం అసలు ప్రతి నా కూతురికి. దాని సంగతి ఇక్కడ రాయకపోతే, మరొకరు మరోలా రాస్తారు.

ఆ ఎనిమిదో అర్జీ పెట్టిన ఏడాదే మా మూడో వీధి కుళాయిల్లో నీళ్లు పచ్చగా వచ్చాయి. పది రోజుల్లో అరవై మంది మంచాన పడ్డారు. వాళ్లలో నా భార్య ఒకతె. పటం చంకలో పెట్టుకుని సంఘం ఆఫీసుకు పరుగెత్తితే కాపలాదారు గేటు దగ్గరే ఆపేశాడు. "లోపల మీటింగు మేస్త్రీ, బయటివాళ్లను రానివ్వద్దన్నారు" అన్నాడు. ఆ రోజు లోపల చర్చించింది చైర్మన్ గారి గదికి కొత్త తెరలు ఏ రంగువి వెయ్యాలని. నీలం ఖాయమైంది.

మర్నాడు పొద్దున సుద్దముక్క తీసుకుని, మా వీధి వాల్వు దగ్గర్నుంచి ట్యాంకు దాకా రోడ్డు మీద గీత గీశాను. వీధులూడ్చే ఆవిడ ఒకచోట ఆగి, "ఇక్కడ ఎండాకాలంలో కూడా తడి ఆరదు బాబాయ్" అంది. నా పటంలో ఆ చోట, మురుగు పైపు మంచినీళ్ల పైపును దాటే దగ్గర, ఆరేళ్ల కిందటే ఎర్ర సున్నా చుట్టి ఉంది. అక్కడే తవ్వాం. గడియారాలు తీసుకున్నవాళ్లు కూడా పారలు పట్టుకొచ్చారు. నాలుగడుగుల లోతున మురుగు పైపు పగిలి, మంచినీళ్ల పైపు అతుకు మీద కారుతోంది. అమ్మాయి గోతిలోకి దిగి మధ్యాహ్నానికల్లా అతుకు మార్చింది. సాయంత్రానికి రోడ్డు పాడుచేసినందుకు నా మీద కేసు పెట్టారు.

నా భార్య లేచి తిరిగింది గానీ మూత్రపిండాలు కోలుకోలేదు. పధ్నాలుగు నెలలకు పోయింది. పోయేముందు ఒక మాట చెప్పింది: "నేనెప్పుడూ నీకు ఓటెయ్యలేదయ్యా. గెలిస్తే ఇక ఇంటికి రావని భయం." నాకు పడని ఓట్లన్నిటిలో నేను క్షమించింది ఆ ఒక్కదాన్నే.

ఊరు ఊరంతా గేటు ముందు కూర్చున్నాక, మేము అడిగిన మూడింటినీ సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది, తన సొంత ఆలోచనలాగా. పాలరాతి పలక మీద చైర్మన్ గారి పేరూ, మా తమ్ముడి పేరూ చెక్కించారు. గోడ మీద నా పటానికి నకలు తగిలించారు. అందులో రెండు వాల్వులు తారుమారయ్యాయి. సరిదిద్దమని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అమ్మాయి చెప్పాలి. వాళ్ల మీద ప్రేమతో కాదు, ఆ నీళ్లు తాగేది మనం.

5. నా రబ్బరు బూట్లు వీధులూడ్చే ఆవిడకు. మురుగులో దిగడానికి బూట్లు ఇప్పించమని ఆవిడ సంఘాన్ని ఆరేళ్లుగా అడుగుతోంది. కొలత చూశాను, సరిపోతాయి.

6. నా భార్య కుట్టుమిషను మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకు. ఆ జబ్బు రోజుల్లో మొగుడికి తెలియకుండా వెనక గుమ్మంలోంచి వచ్చి, మా ఆవిడకు జుట్టు దువ్వి, పక్కబట్టలు ఉతికి వెళ్లింది ఆ పిల్లే. ఇప్పుడు వాడికి తెలిస్తే తెలియనీ.

7. చైర్మన్ గారికి ఏమీ రాయడం లేదు. కావలసింది ఆయన అడక్కుండానే తీసుకున్నారు.

8. నేను పోయాక సంఘం నాకు సంతాప తీర్మానం చెయ్యరాదు. రెండు నిమిషాల మౌనం అసలే వద్దు. ఊరికే కూర్చోవడంలో వాళ్లకు కొత్తగా అభ్యాసం అక్కర్లేదు. తమ్ముడు రావచ్చు. పార్టీ కండువా, ప్రసంగం రెండూ గుమ్మం బయట వదిలి రావలెను.

9. వచ్చే ఎన్నికలో నా చోట అమ్మాయిని నిలబెడదామని అక్కయ్యగారు అంటున్నారు. ఈ విషయంలో కూతురి మీద నేను ఏ షరతూ పెట్టడం లేదు. అమ్మా, నిలబడకపోతే నాకేమీ కోపం లేదు. నిలబడితే మాత్రం, ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే సంచీ తీసుకుని పనికి వెళ్లు. నీకు ఓటు వెయ్యనివాళ్లింట్లో కూడా నీళ్లు రావాలి. గెలిస్తే, ఆ మర్నాడు కూడా వెళ్లు.

ఈ నెల పదకొండో తేదీ, బుధవారం.

(సంతకం) పానా మేస్త్రి

సాక్షులు:
1. (సంతకం) సైకిలు షాపు యజమాని, మూడో వీధి
2. (సంతకం) మందుల షాపు ఆవిడ, మూడో వీధి మలుపు